సీటు ముందే బుక్ చేద్దామా, కౌన్సెలింగ్ దాకా ఆగుదామా?

అమెరికాలో 'ఎర్లీ డెసిషన్' అని ఒక పద్ధతుంది. సీటిస్తే అక్కడే చేరతానని ముందే ఒప్పుకోవాలి. మన గౌలిపురలో ఇంటర్ పిల్లలున్న ఇళ్లకూ దాదాపు ఇదే చిక్కు. ఎప్‌సెట్ ర్యాంకు రాకముందే ఏజెంట్ ఫోన్ చేసి, "మేనేజ్‌మెంట్ సీటుకు అడ్వాన్స్ కట్టేయండి సార్" అంటాడు.

దీని వెనక పెద్ద కథే ఉంది. 1983లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం చేసి మరీ క్యాపిటేషన్ ఫీజును నిషేధించింది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీల సీట్లను సగం ఫ్రీ, సగం పేమెంట్ అని పంచింది. 2002లో టి.ఎం.ఎ. పాయ్ తీర్పుతో ఆ పద్ధతి పోయింది. తర్వాత వైఎస్ హయాంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ బీసీలకు, ఈబీసీలకు కూడా అందింది.

ఇక్కడే అసలు మెలిక. రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటా సీటుకే. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే, ఇల్లు ఎంత పేదదైనా నాలుగేళ్ల ఫీజు మీ జేబులోంచే. కన్వీనర్ సీటులోనూ బీసీ, ఈబీసీ పిల్లలకు ర్యాంకు 10,000 దాటితే సాధారణంగా 35,000 రూపాయల వరకే వస్తుంది, మిగతాది మనమే కట్టాలి. ప్రభుత్వ బకాయిలు ఆలస్యమైతే కాలేజీ మనల్నే అడుగుతుంది.

అందుకే ఈ లెక్క కాగితం మీద వేశాకే అడ్వాన్స్ మాట ఎత్తండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం చేతులు మారనివ్వకండి. కాలేజీలు వాటిని అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది.