లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్

బ్రిటిష్ సైన్యం 1895లో చేపట్టిన బోల్ట్ యాక్షన్ తుపాకీ. మనవాళ్ల నోట ‘త్రీ నాట్ త్రీ’. గొట్టం లోపలి వ్యాసం 0.303 అంగుళాలు, అంటే సుమారు 7.7 మిల్లీమీటర్లు.

దీని బోల్టు యంత్రాంగం జేమ్స్ పారిస్ లీ రూపొందించింది. పేరులోని ఎన్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారం ఉన్న ఊరు. ఈ రైఫిల్ బలమంతా వేగంలోనే. బోల్టు పిడిని కాస్త పైకి తిప్పి వెనక్కి లాగితే ఖాళీ తూటా ఎగిరిపోతుంది, ముందుకు తోస్తే కొత్తది గదిలో చేరుతుంది. మ్యాగజైనులో పది తూటాలు. సమకాలీన జర్మన్ మౌజర్‌లో ఐదే! తర్ఫీదైన సిపాయి నిమిషానికి పదిహేను గుళ్లు గురి తప్పకుండా పేల్చేవాడు.

1907 నాటి మార్క్-3 రకం రెండు ప్రపంచ యుద్ధాలూ చూసింది. బెంగాల్‌లోని ఇషాపూర్‌లోనూ తయారైంది. 1962 చైనా యుద్ధంలో మన జవాన్ల చేతుల్లో ఉన్నదీ ఇదే. అప్పటికే పాతబడిందన్న విమర్శ న్యాయమైనదే. పోలీసులు మాత్రం దశాబ్దాలపాటు వదల్లేదు.

బ్రిటిష్ పాలనలో పోలీసు తుపాకులు మన జనంపైనా పేలాయి; ఆ వలస పాలకుల తుపాకీ గుళ్ల చేదు తెనాలి పట్టణానికి తెలుసు. క్విట్ ఇండియా ఉద్యమంలో, 1942 ఆగస్టు 12న అక్కడ పోలీసు కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. వారి స్మారక స్తూపాలు రణరంగ చౌక్‌లో ఉన్నాయి.