ఏబదవయేట బయలుదేరిన బాటసారి

మన గ్రామమున ఏబదియేండ్లు నిండిన మనుష్యుడు క్రొత్తపని యేదేని తలపెట్టినచో ఇరుగుపొరుగువారు మొట్టమొదట వేయు ప్రశ్న "ఈ వయస్సున నీకిదేమి పిచ్చి?" అనునది. అతడు చెరువులో ఈత నేర్వబోయినను, హార్మోనియము పెట్టె కొనితెచ్చుకొన్నను, అమరకోశము వల్లింపబూనినను, బదరికి కాలినడకన పోయెదనన్నను ప్రశ్న మాత్రము మారదు. "కృష్ణా, రామా యనుకొనుచు అరుగుమీద కూర్చుండరాదా" అను హితవాక్యము దానికి తోక. ఈ మాట అనువారు తాము సనాతనధర్మమునే చెప్పుచున్నామని తలంతురు. మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్రవిషయ మేదేని వ్రాయుడని కార్యదర్శిగారు కోరగా, ఈ మాటకు చరిత్రయందు ఆధారమెంతవరకు కలదో విచారింపవలెనని నాకు తోచినది. గ్రామపు లెక్కలు వ్రాయువాడను. ఆధారము లేని పద్దును ఒప్పుకొనుట నా వృత్తికి విరుద్ధము.

ముందుగా ధర్మశాస్త్రమునే చూతము. గృహస్థుడు తన దేహమున ముడుతలను, తలపై నెరపును, కొడుకునకు కొడుకును చూచిన పిమ్మట అడవికి పోవలెనని మనువు విధించినాడు. అడవికి పొమ్మన్నాడే కాని అరుగెక్కుమనలేదు. అలవాటైన ఇల్లు, పండిన పొలము, తెలిసిన రుచులు అన్నియు విడిచి, కందమూలములు త్రవ్వుకొని తినుచు, వానలో తడియుచు, ఎండకు ఓర్చుకొనుచు క్రొత్త బ్రదుకు నేర్చుకొనుటయే వానప్రస్థము. తలనెరసినవానికి అంతకు మించిన సాహసము మరియేమి కావలెను? భారతమున ఆశ్రమవాసపర్వము చదివినవారికి ఈ విషయము మరచిపోరానిది. పుట్టుగ్రుడ్డి, నూరుగురు కొడుకులను పోగొట్టుకొన్న ముదుసలి ధృతరాష్ట్రుడు హస్తినాపురమునుండి కాలినడకన బయలుదేరును. అతని చేయి గాంధారి మూపుమీద, గాంధారి చేయి కుంతి మూపుమీద. కొడుకులు గెలిచి రాజ్యమేలుచుండగా కుంతికి పోవలసిన అక్కరయే లేదు. కొడుకులెంత వేడినను ఆమె వెనుదిరుగలేదు. కావున అరుగును ఆశ్రయించుటకు శాస్త్రప్రమాణము కలదనువారు శాస్త్రమును మరియొకమారు చదువుట మంచిది.

ఇక పురాణము విడిచి చరిత్రకు వచ్చెదను. మన తెలుగువారిలో ఈ ప్రశ్నకు తన నడకతోడనే సమాధానము చెప్పిన మహనీయు డొకడు కలడు. ఆయన ఏనుగుల వీరాస్వామయ్యగారు. 1780లో జన్మించిరి. చెన్నపట్టణమున సుప్రీముకోర్టులో ఇంటర్‌ప్రిటరు ఉద్యోగము, అనగా న్యాయమూర్తులకును కక్షిదారులకును నడుమ భాష మార్చి చెప్పు ద్విభాషి పని. గౌరవము, ధనము, పలుకుబడి, అన్నియు కుదిరిన జీవితము. అట్టి మనుష్యుడు 1830 మే 18వ తేదీన, అనగా ఏబదవ యేట, నడివేసవిలో, కాశీకి బయలుదేరినాడు. మరల చెన్నపట్టణము చేరినది 1831 సెప్టెంబరు 3వ తేదీన. లెక్క చూచినచో పదునైదు నెలలకు పైబడి పదునారు దినములు.

నేటివారికి కాశీయాత్ర అనగా రైలులో ఒకటి రెండు రాత్రుల నిద్ర. నాటి సంగతి వేరు. మనదేశమున మొదటి ప్రయాణికుల రైలు బొంబాయినుండి ఠాణాకు నడచినది 1853లో. చెన్నపట్టణమున రాయపురమునుండి ఆర్కాటువైపు నడచినది 1856లో. వీరాస్వామయ్యగారు కృష్ణా గోదావరులను పోవునపు డొకమారు, వచ్చునపు డొకమారు దాటవలసియుండెను. నర్మద, మహానది మొదలైనవి వేరు. రాజమహేంద్రవరమువద్ద గోదావరిపై మొదటి రైలువంతెన తెరచినది 1900లో అని జ్ఞాపకముంచుకొన్నచో, ఆనాడు నదిని దాటుట యనగా ఏమో తెలియును. పడవవాడు దొరకినపుడు దాటుట, వరద తీసినపుడు దాటుట, దొరకనపుడు గట్టున గుడారము వేసికొని కూర్చుండుట. జబ్బలుపురపు ప్రాంతమున బాటసారులతో స్నేహము నటించి గొంతునకు గుడ్డ బిగించి చంపు థగ్గుల కాలమది. స్లీమన్ దొర వారిని పట్టుకొని అణచు ప్రయత్నము సాగించుచున్న దినములవి. ఆ దారినే ఈ పెద్దమనిషి కుటుంబముతోను, దరిదాపు నూరుమంది పరివారముతోను పోయినాడు.

పోయిన మార్గమును పటము ముందుంచుకొని చూచినచో భరతఖండమునకు సగము ప్రదక్షిణము చేసినట్లున్నది. తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురము, జబ్బలుపురము, ప్రయాగ, కాశీ. అచ్చటనుండి గయ, కలకత్తా. తిరుగుదారిలో పూరీ జగన్నాథము, విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, నెల్లూరు. కొంతదూరము పల్లకీ, కొండలపై డోలీ, గంగపై పడవ. శ్రీశైలమునకు మోటారుదారి లేని దినములలో ఆత్మకూరునుండి నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలనుల మీదుగా అడవిలో ఎక్కి దిగవలసిన దారి యెట్టిదో, ఇప్పటికిని శివరాత్రికి ఆ మార్గమున నడచిపోవు మన ప్రాంతపు భక్తులను అడిగిన తెలియును.

ఇంతమాత్రమే యైనచో ఆయన భక్తుడనియు ధైర్యశాలియనియు చెప్పి ఊరకుండవచ్చును. కాశీకి పోయినవారు ఆయనకు ముందు లక్షలమంది కలరు. ఆయన చేసిన క్రొత్తపని వేరు. బయలుదేరిననాటినుండి చూచినది చూచినట్లు వ్రాసిపెట్టి, ఆ సంగతులను చెన్నపట్టణమున తన మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి తెలియజేయుచు వచ్చినాడు. అదియే కాశీయాత్రాచరిత్ర. తెలుగున అటువంటి గ్రంథము అంతకుముందు లేదు. యాత్రను గూర్చి మనవారు పద్యములు చెప్పిరి, స్థలపురాణములు వ్రాసిరి. నేడిచ్చట మజిలీ చేసితిమి, ఈ ఊరికి ఆ ఊరు ఇన్ని ఆమడలు, దారి ఇసుకదారియా రాతిదారియా, అంగళ్ళు కలవా లేవా, నీరు మంచిదా కాదా, అని వరుసగా వ్రాసినవారు లేరు.

ఆ పుస్తకమును స్తోత్రపాఠముగా చదువబోయినవారికి ఆశాభంగము కలుగును. లెక్కలు వ్రాయు నాబోటివానికి మాత్రము అది విందుభోజనము. నాటి దేశమున ఒక్కొక్క రాజ్యమున ఒక్కొక్క నాణెము, ఒక్కొక్క కొలత. కంపెనీవారు తమ ఏలుబడి అంతట నొకేవిధమైన రూపాయిని ప్రవేశపెట్టినది 1835లో, అనగా ఆయన తిరిగి వచ్చిన నాలుగేండ్లకు. కావున ఒక సీమ దాటి మరియొక సీమలో అడుగుపెట్టగనే చేతిలోని రూపాయి విలువ మారును, శేరు మారును, భాష మారును. ఇవన్నియు ఆయన గుర్తించి వ్రాసినాడు. క్షేత్రములలో పండాలు యాత్రికులను పీడించు తీరును మొగమోటము లేక వ్రాసినాడు. నడుమనడుమ దేవుని గూర్చి, కర్మను గూర్చి, ఆచారముల గూర్చి తనకు తోచినది దీర్ఘముగా తర్కించుకొన్నాడు. ఆ భాగములు కొన్ని నాకును కొరుకుడు పడలేదు.

ఇచ్చట చదువరులు ఒక విషయము గమనింపవలెను. విన్నదానిని తప్పు లేక మరియొక భాషలో చెప్పుట, ఒక్క మాట జారవిడువకుండుట ద్విభాషి విద్య. ఏండ్ల తరబడి న్యాయస్థానమున నిలువబడి నేర్చిన ఆ విద్యయే దారిపొడుగున ఆయనకు కన్నులిచ్చినది. ఇరువదవ యేట ఆయన కాశీకి పోయియున్నచో బహుశః ఇంకను త్వరగా పోయి వచ్చియుండును, కొండలు సులభముగా ఎక్కియుండును. ఈ పుస్తకము మాత్రము పుట్టియుండదు అని నా నమ్మకము. వయస్సు మీరినవాడు క్రొత్తపనికి వట్టిచేతులతో పోడు. బ్రదుకంతయు కూడబెట్టిన అలవాటు మూలధనముగా చేతనుండును. కాళ్ళ బలము తగ్గినంత మాత్రమున ఆ పద్దు కొట్టివేయుట లెక్క తెలియనివారి పని.

"వీరాస్వామయ్యగారు ధనికులు, నూరుమంది వెంటనున్నచో నేనును పోవుదును" అని మీలో ఒకరు అనుకొనుచుండవచ్చును. న్యాయమైన ఆక్షేపణయే. అట్లయిన ఒక బడిపంతులు సంగతి వినుడు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు వెంకట రామమూర్తిపంతులుగారు కొండలలోని సవరల భాష నేర్వబూని, వారియూళ్ళు తిరిగి, మన్యపు జ్వరమునకు మందు తిని చెవులు పోగొట్టుకొన్నారు. ఆ భాషకు ఆయన వ్రాసిన వ్యాకరణగ్రంథము అచ్చయినది 1931లో, అరువదియెనిమిదవ యేట. నిఘంటువు వెలువడినది 1938లో, డెబ్బదియైదవ యేట. చెవులు వినరాని మనుష్యుడు లిపిలేని భాషకు నిఘంటువు కూర్చుట యెట్టిదో ఊహించుకొనుడు. నేను ఈ వ్యాసము వ్రాయుచున్న గ్రాంథికమును చూచినచో ఆయన నన్ను తప్పక చీవాట్లు పెట్టియుందురు. ఐనను ఆయనకు చేతులు జోడింపక తప్పదు. విజయనగరపు హరికథాపితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారి సంగతియు ఇట్టిదే. ఉమరు ఖయ్యాము రుబాయీలను పారసీ మూలమునుండి సంస్కృతములోనికిని అచ్చతెనుగులోనికిని మార్చి 1932లో ప్రకటించునప్పటికి ఆయనకు అరువదియెనిమిదేండ్లు. గజ్జెకట్టి జగత్ప్రసిద్ధుడైనవానికి పారసీతో పనియేమి? పని లేదు. ఇష్టము కలదు.

"వారందరును పండితులు, పురుషులు" అందురేని, పండితురాలు కాని పల్లెటూరి ముసలమ్మ కథయు నున్నది. ఉత్తరప్రదేశమున బాగ్పత్ జిల్లాలో జోహ్రీ అను గ్రామము. అచ్చట 1999లో తుపాకి గురి నేర్పు శాల యొకటి నడచుచుండెను. చంద్రో తోమర్ అను ఆమె అరువది దాటిన వయస్సున తన మనుమరాలికి తోడుగా అచ్చటికి పోయినది. పిల్ల పిస్తోలు పట్టుకొనుటకు జంకుచుండగా, ఇట్లు పట్టుకోవమ్మా అని తాను చేతబట్టి పేల్చినది. గుండు గురికి తగిలినది. ఆనాటినుండి ఆమె విడువలేదు. మేలిముసుగు తీయరాని కట్టుబాటు గల ఊరు; మగవారు నవ్విరి. చేయి వణకకుండుటకై ఆమె రాత్రివేళ అందరును నిద్రించిన పిమ్మట నీళ్ళకూజా చాచిపట్టుకొని నిలుచుండెడిదట. తోడికోడలు ప్రకాశీ తోమరును ఆమె వెంట నడచినది. ఇద్దరును దేశమందలి పోటీలలో పతకములు గెలిచిరి. 2019లో వారి కథ హిందీలో చలనచిత్రముగా వచ్చినది. 2021 ఏప్రిలులో కరోనా వ్యాధితో చంద్రో తోమర్ కాలము చేసినది. ఆమె చూచి నేర్చుకొన్న ఊరి ఆడపిల్లలు ఎందరో గురిశాలలో చేరినారు.

నీళ్ళకూజాను గూర్చి చదివినపుడు మన గ్రంథాలయపు వెనుకగదియే నాకు జ్ఞప్తికి వచ్చినది. కొన్నేండ్ల క్రిందట అచ్చట రాత్రిబడి నడచినపుడు అరువదియేండ్ల వితంతువొకతె పలక పట్టుకొని వచ్చి కూర్చుండెడిది. భాగవతము తానై చదువుకొనవలెనని ఆమె కోరిక. గుణింతము వరకు వచ్చినది. వీథిలో కొందరు "అవ్వా, పరీక్ష ఎప్పుడు?" అని నవ్వగా పదునెనిమిది దినములకే మానివేసినది. హాజరుపట్టీ ఇప్పటికిని నాయొద్ద కలదు. ఆమె పేరున తరువాతి గళ్ళన్నియు ఖాళీ. రజతోత్సవ కార్యక్రమములలో రాత్రిబడిని మరల తెరచుటయు చేర్చినారని విని ఆమె యింటికి పోయి చెప్పితిని. "కళ్ళద్దాలు చేయించుకొని చెప్పెదను నాయనా" అన్నది.

వీరాస్వామయ్యగారు తిరిగి వచ్చి మరల తన కోర్టు ఉద్యోగమున చేరిరి, 1836లో పరమపదించిరి. తన గ్రంథము అచ్చులో చూచుకొనలేదు. మిత్రుడు శ్రీనివాసపిళ్ళగారు దానిని 1838లో ముద్రింపించిరి. 1869లో మరల అచ్చయినది. పిమ్మట చాలకాలము అది ఎవరికిని దొరకలేదు. దిగవల్లి వేంకట శివరావుగారు శ్రమకోర్చి పరిష్కరించి, పీఠికయు వివరణములును చేర్చి 1941లో ప్రకటించిరి. మన గ్రంథాలయమున ఉన్నది ఆ ముద్రణమునుండి తీసిన ప్రతియే. ఉత్తరపు గోడ బీరువాలో మూడవ అరయందు, యాత్రాగ్రంథముల వరుసలో కలదు. అట్ట వదులైనందున ఈ నెలలోనే కుట్టించి, క్రొత్త అట్ట వేయించితిమి. లోపల అంటించిన తేదీల కాగితమున చాలచోటు మిగిలియున్నది.