కడప నుంచి కువైట్‌కు: ఆకాశంలో ఐదు గంటలు.. నేలపై పది గంటలు

కడప, కర్నూలు: రాయలసీమ నుంచి ఉపాధి నిమిత్తం విదేశాలకు వెళ్లేవారికి చిరపరిచితమైన నగరం కువైట్. రాజంపేట, రాయచోటి, రైల్వేకోడూరు ప్రాంతాల్లో అక్కడి సంపాదనపై ఆధారపడిన కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. సెలవు గడువు ముగిసి తిరిగి వెళ్లేవారికైనా, ఇంట కష్టం సంభవించి హుటాహుటిన రావలసినవారికైనా ప్రయాణ కాలంపై సరైన అంచనా అత్యవసరం.

దూరం ఎంత?

ఆకాశమార్గంలో కువైట్‌కు కడప నుంచి సుమారు 3,550, కర్నూలు నుంచి సుమారు 3,400 కిలోమీటర్ల దూరం ఉంటుంది. 2015 జూన్‌లో సేవలు ప్రారంభమైన కడప విమానాశ్రయం, 2021 మార్చిలో ఓర్వకల్లు వద్ద ప్రారంభమైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం దేశీయ ప్రయాణాలకు ఉద్దేశించినవి. అందువల్ల కువైట్ ప్రయాణికులు సాధారణంగా చెన్నై, హైదరాబాద్ వంటి నగరాలకు చేరుకోవలసి ఉంటుంది. కడప నుంచి చెన్నైకి రోడ్డు మార్గం దాదాపు 260 కిలోమీటర్లు. కర్నూలు నుంచి శంషాబాద్‌కు దాదాపు 200 కిలోమీటర్లు.

విమానంలో ఎంతసేపు?

చెన్నై–కువైట్ మధ్య ఆకాశ దూరం సుమారు 3,780 కిలోమీటర్లు. నేరుగా వెళ్లే విమానానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. హైదరాబాద్ నుంచి 3,370 కిలోమీటర్లు, దాదాపు నాలుగున్నర గంటలు. ఎత్తులో పడమర నుంచి తూర్పునకు వీచే గాలులు ఎదురవడం వల్ల వెళ్లేటప్పుడు కొంత ఆలస్యమవుతుంది. వచ్చేటప్పుడు అవే గాలులు తోడ్పడి ప్రయాణం త్వరగా ముగుస్తుంది.

మొత్తం ప్రయాణం వేరు. కడప నుంచి చెన్నైకి ఆరు గంటలు, విమానాశ్రయంలో తనిఖీలకు మూడు గంటలు, దిగిన తరువాత ఒక గంట కలిపితే నేలపైనే పది గంటలు గడుస్తాయి. మధ్యలో విమానం మారవలసి వస్తే మరింత ఆలస్యం తప్పదు.

గడియారంతో జాగ్రత్త

కువైట్ సమయం భారత కాలమానం కన్నా రెండున్నర గంటలు వెనుక ఉంటుంది. హైదరాబాద్‌లో ఉదయం 9 గంటలకు బయలుదేరి నాలుగున్నర గంటలు ప్రయాణిస్తే, అక్కడి గడియారంలో 11 గంటలే అవుతుంది. టికెట్‌పై ఏ ఊరి సమయం ఆ ఊరిదే. 15వ తేదీ వేకువన 1.30 గంటలకు విమానమని ఉంటే, 14వ తేదీ రాత్రికే విమానాశ్రయంలో ఉండాలి. 15 రాత్రి అని పొరబడితే విమానం తప్పిపోతుంది.

పదో తరగతి ఉత్తీర్ణులు కానివారు ఉద్యోగానికి వెళ్లాలంటే ముందుగా ఎమిగ్రేషన్ క్లియరెన్స్ పొందాలి. అది లేనిదే విమానాశ్రయం నుంచే వెనుదిరగవలసి వస్తుంది.

దారి మూసుకుపోతే దూరం పెరుగుతుంది. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు అక్కడి భారతీయుల్లో అత్యధికులు వెయ్యి కిలోమీటర్లకు పైగా ఎడారి దారిన జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరుకొని, అక్కడి నుంచి విమానాల్లో ముంబయికి వచ్చారు. ప్రయాణానికి ముందు విమాన వేళలను నిర్ధారించుకోవడం అందుకే శ్రేయస్కరం.