సంఘం: గోడలు లేని మాట

చర్చి అనే మాటకు మూలం ‘ప్రభువుకు చెందినది’ అనే గ్రీకు పదం. అది కట్టడానికి చక్కగా అతికింది. కొత్త నిబంధనలోని ‘ఎక్లేసియా’ వేరు. ఏథెన్సులో అది పౌరుల సభ. తెలుగు బైబిలు దాన్ని ‘సంఘము’ అంది. నాగార్జునకొండ శాసనాలు బౌద్ధ భిక్షువుల సమూహానికి వాడిన మాటే! ‘చర్చికి వెళ్తాం’ అంటాంగా, కట్టడమే గెలిచిందిగా అనొచ్చు. కానీ సంఘ కాపరి, సంఘ పెద్దలు అన్నప్పుడు మెదిలేది మనుషులే. మెదక్ చర్చి చూడొచ్చేవారు వేరు, అక్కడి సంఘస్తులు వేరు.

కుల సంఘాలూ ఉన్నాయిగా అన్న అభ్యంతరం ఇంకా బరువైనది. నిజమే, ఈ మాటకు కలవడం తెలుసు, ఎవరితోనో తెలియదు. ఆ లోటు పూడ్చాల్సింది ధ్యేయమే. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్, మెథడిస్టు తదితర శాఖలు దక్షిణ ఇండియా సంఘంగా ఏకమై, విశ్వాసులంతా ఒకటవ్వాలన్న యోహాను సువార్త ప్రార్థననే ధ్యేయవాక్యం చేసుకున్నాయి. తెలుగు బాప్టిస్టులు, లూథరన్లు మాత్రం అందులో చేరలేదు.