తోబుట్టువు సంతకం

ఇంట్లో పిల్లవాడు తప్పు చేస్తే తండ్రి శిక్ష వేస్తాడు. అమ్మమ్మ అడ్డం వచ్చి, "పోనీలే నాయనా, ఈసారికి వదిలెయ్" అంటుంది. మన రాజ్యాంగంలో 161వ అధికరణం గవర్నరుకు ఇచ్చింది ఇంచుమించు ఆ అమ్మమ్మ అధికారమే. కాని విచారణ ముగియకముందే అమ్మమ్మ పిల్లవాణ్ణి పక్కకు తీసుకుపోతే? 1960లో బొంబాయిలో వచ్చిన తగాదా సరిగ్గా అదే.

సోదరీమణులారా, నానావతి కేసు పేరు మీరు వినే ఉంటారు. ఆయన నౌకాదళంలో కమాండరు. భార్య సిల్వియా, ముగ్గురు పిల్లలు. 1959 ఏప్రిల్ 27న ఆమె ప్రేమ్ ఆహుజాతో తన సంబంధం సంగతి భర్తకు చెప్పింది. ఆయన భార్యాబిడ్డల్ని సినిమాహాలు దగ్గర దింపి, ఓడకు వెళ్ళి రివాల్వరు తీసుకుని, ఆహుజా ఇంటికి వెళ్ళాడు. ఆహుజాను కాల్చి చంపి, తనే వెళ్ళి లొంగిపోయాడు.

జూరీలో తొమ్మిదిమందికి ఎనిమిదిమంది నిర్దోషి అన్నారు. జడ్జిగారు ఒప్పుకోక హైకోర్టుకు పంపారు. 1960 మార్చి 11న యావజ్జీవ శిక్ష పడింది. అదే రోజున గవర్నరు శ్రీప్రకాశగారు, సుప్రీంకోర్టులో అప్పీలు తేలేదాకా శిక్ష నిలిపి, నానావతిని నౌకాదళం కాపలాలోనే ఉంచమని ఉత్తర్వు ఇచ్చారు. అరెస్టు వారంటు అమలు కాకుండానే తిరిగొచ్చింది!

దేశమంతా గగ్గోలు. కావద్దూ మరి? ఏ రిక్షావాడి భార్యో వెళ్ళి మొరపెట్టుకుంటే ఆ పూటకాపూట ఉత్తర్వు వస్తుందా? సెప్టెంబరు 5న సుప్రీంకోర్టు తేల్చింది. అయిదుగురిలో నలుగురు జడ్జీలు, గవర్నరుకు క్షమించే అధికారం ఉన్నమాట నిజమే గాని, అప్పీలు తమ ముందు ఉండగా శిక్ష నిలపడం చెల్లదన్నారు. 1961 నవంబరులో శిక్షను కూడా ఖాయం చేశారు.

"బ్లిట్జ్" పత్రిక మాత్రం క్షమాభిక్ష కోసం ఉద్యమమే నడిపింది. నానావతి పార్సీ, చనిపోయినవాడు సింధీ. పార్సీని వదిలితే సింధీలు ఊరుకుంటారా? అప్పటికి భాయ్ ప్రతాప్ అనే సింధీ వ్యాపారి, పూర్వం స్వాతంత్ర్యోద్యమంలో పనిచేసినవాడు, దిగుమతి లైసెన్సుల కేసులో శిక్షపడి క్షమాభిక్ష కోరుతున్నాడు. 1964లో మహారాష్ట్ర గవర్నరు విజయలక్ష్మీ పండిట్ ఇద్దరికీ క్షమాభిక్ష ప్రసాదించారు. కోర్టుల పని అయిపోయాక ఇచ్చింది కనుక చట్టం దృష్టిలో దీనికి వంక పెట్టలేం. కాని దయను ఇలా తక్కెట్లో వేసి తూయడం నాకు మింగుడుపడదు.

ఇంతకీ ఆ క్షమాభిక్షకు ముందు, అభ్యంతరం లేదని ఆహుజా తోబుట్టువు మామీ చేత రాయించుకున్నారు. అన్నాళ్ళూ కోర్టులో పట్టుబట్టి లాయరును పెట్టి పోరాడింది ఆవిడే. నానావతి, సిల్వియా 1968లో పిల్లలతో కెనడా వెళ్ళి స్థిరపడ్డారు. సిల్వియా ఫోటోలు చాలాసార్లు చూశాను గాని, నా మనసు ఎప్పుడూ మామీ రాసిచ్చిన ఆ కాగితం మీదికే పోతుంది.