నిరీక్షణ: మరణం ఎదుట క్రైస్తవ విశ్వాసం

తెలుగు క్రైస్తవుల సమాధి ఫలకాలపై పేరు, జనన మరణ తేదీలతోపాటు ‘ప్రభువునందు నిద్రించిరి’ అన్న మాట తరచుగా కనిపిస్తుంది. ఆ ఇంట దుఃఖం లేదని దాని అర్థం కాదు. నిద్రించినవారు మేల్కొంటారన్న ఎదురుచూపు ఆ మాటలో ఇమిడి ఉన్నది. ఆ ఎదురుచూపునే క్రైస్తవ పరిభాషలో ‘నిరీక్షణ’ అంటారు.

పదము – అర్థము

సాధారణ వ్యవహారంలో నిరీక్షించడమంటే వేచియుండడం. తెలుగు బైబిలులో మాత్రం ఆశ, భరోసా అనే భావాలకు కూడా ఈ పదమే స్థిరపడినది. పొరుగు భాషల బైబిళ్లను చూస్తే కన్నడంలో ఇదే ధాతువు నుండి వచ్చిన ‘నిరీక్షె’, తమిళంలో ‘నంబిక్కై’, మరాఠీలో ‘ఆశా’ అనే పదాలు కనిపిస్తాయి. తమిళ పదంలో నమ్మకం, మరాఠీ పదంలో ఆకాంక్ష ముందుకు వస్తాయి. తెలుగు, కన్నడ పదాలలో కాలం ముందుకు వస్తుంది. రావలసినది ఇంకా రాలేదు, వస్తుందన్న నిశ్చయంతో వేచియుండాలి అన్నది వాటి భావం. 381 నాటి కాన్‌స్టాంటినోపుల్ సభతో ముడిపడిన విశ్వాస ప్రమాణం చివరలోనూ, మృతుల పునరుత్థానం కొరకు ఎదురుచూడడమనే భావమే ఉన్నది.

లేఖనాధారాలు

క్రీ.శ. 50 ప్రాంతంలో అపొస్తలుడైన పౌలు మాసిదోనియలోని థెస్సలొనీక సంఘానికి లేఖ వ్రాశాడు. క్రీస్తు తిరిగి రాకమునుపే తమవారు మరణిస్తే వారి గతి ఏమిటన్నది ఆ సంఘాన్ని కలవరపెట్టిన సందేహం. పౌలు వారిని దుఃఖపడవద్దని శాసించలేదు, నిరీక్షణ లేనివారివలె దుఃఖపడవద్దన్నాడు. ఈ భేదమే క్రైస్తవ అంత్యక్రియల ప్రసంగాలకు నేటికీ మూలాధారం.

కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో పౌలు విత్తనపు ఉపమానం చెప్పాడు. మట్టిలో పడిన గింజ ఒక రూపంలో నశించి మరొక రూపంలో మొలకెత్తునట్లు, దేహం కూడా మార్పు పొంది లేస్తుందని అతని బోధ. క్రీస్తు పునరుత్థానాన్ని అతడు పంటలోని ప్రథమ ఫలంతో పోల్చాడు. ఆత్మ మాత్రమే మిగిలి ఉంటుందన్న భావన ఇది కాదు. దేహానికి కూడా భవిష్యత్తు ఉన్నదన్నది ఈ విశ్వాసంలోని విశిష్టత.

యోహాను సువార్త 11వ అధ్యాయం దుఃఖానికి తగిన చోటు ఇచ్చినది. లాజరును లేపబోతున్నప్పటికీ యేసు సమాధికి వెళ్లే దారిలో కన్నీరు విడిచాడు. మరణించినవారి కొరకు ఏడ్వడం అవిశ్వాసం కాదని చెప్పేందుకు బోధకులు ఈ ఘట్టాన్ని ఉదహరిస్తారు.

భూస్థాపన – సమాధుల తోట

దేహ పునరుత్థాన విశ్వాసం కారణంగా క్రైస్తవులలో భూస్థాపన ఆచారంగా నిలిచినది. శ్మశానానికి ఆంగ్లంలో వాడే ‘సిమెట్రీ’ అన్న మాట కూడా, నిద్రించు స్థలమనే అర్థం గల గ్రీకు పదం నుండి వచ్చినదే. తెలుగులో ‘సమాధుల తోట’ అన్న వాడుక కలదు. శవపేటికను గోతిలోకి దించిన పిమ్మట బంధువులు గుప్పెడు మన్ను వేస్తారు. తరువాత ఇంటివద్ద ఆదరణ కూడిక, ఏడాదికి జ్ఞాపకార్థ కూడిక జరుపుతారు.

దహనాన్ని కథోలిక సంఘం 1963లో అనుమతించినది. అయితే చితాభస్మాన్ని వెదజల్లక పవిత్ర స్థలంలో భద్రపరచాలని 2016లో స్పష్టం చేసినది. ప్రొటెస్టెంటు సంఘాలలో పలు సంఘాలు దహనాన్ని నిషేధించకపోయినా, తెలుగు కుటుంబాలు అధికంగా భూస్థాపననే పాటిస్తాయి.

శాఖల మధ్య భేదాలు

మరణానికీ పునరుత్థానానికీ నడుమ ఆత్మల స్థితి విషయంలో శాఖల మధ్య ఏకాభిప్రాయం లేదు. కథోలికులు శుద్ధి పొందే ఉత్తరించు స్థలాన్ని విశ్వసించి, మృతుల కొరకు ప్రార్థిస్తారు. నవంబరు 2న మృతుల స్మరణ దినాన్ని ఆచరిస్తారు. 16వ శతాబ్దపు సంస్కరణోద్యమం ఈ బోధను తిరస్కరించినది. ప్రొటెస్టెంటు సంఘాల ప్రార్థనలు మిగిలిన కుటుంబీకుల ఆదరణ కొరకే జరుగుతాయి. పునరుత్థానం విషయంలో మాత్రం ఉభయులకూ ఏకాభిప్రాయమే.

ఈస్టర్ వేకువ

ఈ నిరీక్షణ కంటికి కనిపించే సందర్భం ఈస్టర్. వసంత విషువత్తుకు గుర్తుగా నిర్ణయించిన మార్చి 21న గాని, ఆ తరువాత గాని వచ్చే తొలి పౌర్ణమి పిమ్మటి ఆదివారాన ఈ పండుగ వస్తుంది. స్త్రీలు వేకువనే సమాధి వద్దకు వెళ్లారన్న సువార్తల కథనాన్ని అనుసరించి, తెలుగు నాట అనేక గ్రామాలలో కుటుంబాలు అంతకు ముందే సమాధులను శుభ్రపరచి సున్నం వేస్తాయి. చీకటి తొలగకమునుపే పూలతో, కొవ్వొత్తులతో చేరి పాటలు పాడతాయి. దీనిని పలుచోట్ల ‘సమాధుల పండుగ’ అంటారు. ఏడాదిలో మిగిలిన దినాలలో దుఃఖానికి గుర్తుగా ఉండే స్థలం ఆ వేకువలో పండుగకు వేదిక అవుతుంది.

తెలుగులో తొలి అడుగులు

విశాఖపట్నంలో 1805లో స్థిరపడిన జార్జి క్రాన్, అగస్టస్ దెగ్రాంజ్ అనే లండన్ మిషనరీలు సువార్తలను తెలుగులోకి అనువదించే పని ప్రారంభించారు. క్రాన్ 1809లో, దెగ్రాంజ్ 1810లో మరణించారు. వారి అనువాదం శ్రీరాంపురంలో అచ్చయినది 1812లో. నాటినవారు పంటను చూడలేదు.

పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో జన్మించిన పురుషోత్తమ చౌదరి తెలుగు క్రైస్తవ కీర్తనకారులలో అగ్రగణ్యుడు. ఆయన 1890లో మరణించాడు. పర్లాకిమిడి 1936లో ఒడిశా రాష్ట్రంలో చేరినది. ఆయన కీర్తనలకు మాత్రం ఎల్లలు మారలేదు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ గ్రంథంలో చేరి, నేటికీ తెలుగు సంఘాలలో పాడబడుతున్నవి.

పొరుగు రాష్ట్రాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ విషయం మరొక విధంగానూ ముఖ్యం. పిల్లలు స్థానిక భాషలో చదువుకొనే చోట, తాత సమాధిపై చెక్కిన తెలుగు అక్షరాలను చదివి చెప్పగలవారు తగ్గిపోవచ్చును. ఈస్టర్ వేకువన పెద్దలు ఆ ఫలకం ముందు నిలిచి ‘నిద్రించిరి’ అన్న మాటను చదివి, దాని అర్థం పిల్లలకు చెప్పినప్పుడు, భాషతోపాటు నిరీక్షణ కూడా ఒక తరం నుండి మరొక తరానికి అందుతుంది.