షుగర్ మనకు కరువుల నుంచి వచ్చిందా? జేమ్స్ నీల్ కథ

పోయిన ఎపిసోడ్‌లో డొక్కల కరువు గురించి, ధాత కరువు గురించి చెప్పుకున్నాం కదా. అది చూసినవాళ్ళలో చాలామంది ఒకటే ప్రశ్న అడిగారు. "మన తాతముత్తాతలు ఆ కరువుల్లో బతికి బట్టకట్టారు కాబట్టి తిన్నది తిన్నట్టు దాచుకునే జీన్ మన ఒంట్లో ఉండిపోయిందట, అందుకే ఇంటికొక షుగర్ పేషెంట్ అట, నిజమేనా?" అని.

ఈ మాట నేను మొదటిసారి విన్నది 1998లో. మా నాన్నగారికి షుగర్ బయటపడిన ఏడాది అది. చూసిన డాక్టరు గారు "మీ వంశంలోనే ఉందండీ, కరువు చూసిన రక్తం" అన్నారు. మా నాన్న మందుల కంటే గట్టిగా ఆ మాటని పట్టుకున్నారు. వంశంలో ఉన్నదాన్ని నేనేం ఆపుతానురా అని నడక మానేశారు. 2009లో ఎడమ కాలి వేళ్ళు రెండు తీసేయాల్సి వచ్చింది. అప్పటినుంచీ ఈ కరువు జీన్ అనే ఆలోచన ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలని నాకొక పట్టుదల. అది పుట్టింది అమెరికాలో, మిషిగన్ యూనివర్సిటీలో, 1962లో. పుట్టించినాయన పేరు జేమ్స్ నీల్.

ఈయన 1915లో ఒహాయో రాష్ట్రంలో పుట్టాడు. ముందు ఈగల మీద, అదే పండ్ల మీద వాలే చిన్న ఈగల మీద, పరిశోధన చేసి పీహెచ్‌డీ తీసుకున్నాడు. ఆ తర్వాత మనుషుల జన్యువులు చదవాలంటే వైద్యం రావాలి అనుకుని మళ్ళీ మొదటినుంచీ ఎండీ చదివాడు. అప్పట్లో ఇదొక వింత. డాక్టర్లకు జన్యుశాస్త్రం అక్కర్లేదు, జన్యుశాస్త్రం వాళ్ళకు రోగులు అక్కర్లేదు. ఈ రెండింటినీ ఒకచోట కూర్చోబెట్టిన మొదటి తరంలో నీల్ ఒకడు.

1946 చివర్లో ఆయన్ని జపాన్ పంపించారు. హిరోషిమా, నాగసాకిల్లో బాంబు నుంచి బతికి బయటపడ్డవాళ్ళకు పుట్టబోయే పిల్లలు ఎలా ఉంటారు? లోకమంతా భయపడుతున్న ప్రశ్న అది. మరి పుట్టే ప్రతి బిడ్డనీ చూడటం ఎలా? యుద్ధం అయిపోయిన జపాన్‌లో తిండికి కటకట. ఐదో నెల దాటిన గర్భిణులకు ప్రభుత్వం అదనంగా రేషన్ ఇచ్చేది, దానికి పేరు నమోదు చేయించుకోవాలి. నీల్ బృందం ఆ రేషన్ నమోదునే పట్టుకుంది. అలా 76 వేలకు పైగా కాన్పులను లెక్కలోకి తెచ్చారు. 1956లో వచ్చిన ఫలితం ఏమిటంటే, పుట్టుకతో వచ్చే లోపాలు ఆ పిల్లల్లో ఎక్కువైనట్టు గణాంకాల్లో కనిపించలేదు. అసలు హాని లేదు అని ఆయన అనలేదు, ఇంత పెద్ద లెక్కలో కూడా కనిపించేంత లేదు అన్నాడు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

ఇక్కడ మనకి సంబంధించిన పిట్టకథ ఒకటి. జపాన్‌లో కూడా మన మేనరికాల్లాగే దగ్గరి చుట్టాల పెళ్ళిళ్ళు ఉండేవి. వాటివల్ల వచ్చే లోపాలేవో, రేడియేషన్ వల్ల వచ్చేవేవో విడదీయకపోతే లెక్క తప్పుతుంది. అందుకని నీల్, ఆయన సహచరుడు విలియం షల్ కలిసి మేనరికాల మీద వేరే అధ్యయనం నడిపి 1965లో పుస్తకం వేశారు. సరిగ్గా అదే కాలంలో ఆంధ్రాలో మేనరికాల మీద పని చేస్తున్నది హాల్డేన్ శిష్యుడు, మన ద్రోణంరాజు కృష్ణారావు గారు. ఆయన గురించి ఒక ఎపిసోడ్ చేయాలి, బాకీ ఉంది.

సరే, షుగర్ దగ్గరికి వద్దాం. దానికంటే ముందు సికిల్ సెల్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. మన ఏజెన్సీ ప్రాంతాల్లో ఈ జబ్బు ఉన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు జీన్‌లూ అందితేనే పూర్తి జబ్బు వస్తుందని 1949లో రోగుల తల్లిదండ్రుల రక్తం పరీక్షించి చూపించినవాడు నీలే. ఇంత చెడ్డ జీన్ ఆఫ్రికాలో అంతమందిలో ఎందుకు మిగిలింది? ఒకటే అందినవాళ్ళకు అది మలేరియా నుంచి కాపుదల ఇస్తోందని 1954లో ఆంథొనీ అలిసన్ చూపించాడు. అంటే ఒకచోట చెరుపు చేసే జీన్ ఇంకోచోట మేలు చేస్తోంది.

నీల్ ఇదే తర్కాన్ని షుగర్‌కి తగిలించాడు. ఇంత నష్టం చేసే జబ్బు, వంశాల్లో నడిచే జబ్బు, ఇంత మామూలుగా ఎందుకుంది? ఆదిమానవుడికి ఒకరోజు విందు, పదిరోజులు పస్తు. దొరికిన రోజున ఇన్సులిన్ గబగబా వదిలి, తిన్నదాన్ని కొవ్వుగా దాచుకోగలిగినవాడు బతికాడు. ఇప్పుడు రోజూ విందే కాబట్టి అదే గుణం శత్రువైంది. దీనికి ఆయన పెట్టిన పేరు "థ్రిఫ్టీ జీనోటైప్". మన మాటల్లో పొదుపరి జీన్ అనుకోండి. చూశారా, ఎంత అందంగా ఉందో! వినగానే నిజమనిపిస్తుంది. ఆ వ్యాసం పేరు చివర నీల్ ప్రశ్నార్థకం పెట్టాడు. జనం ఆ ప్రశ్నార్థకం తీసేసి వాడుకున్నారు.

ఆ ఆలోచన బరువంతా వెళ్ళి పడింది అరిజోనాలోని పీమా జాతి మీద. 1965 నుంచి అమెరికా ప్రభుత్వ పరిశోధకులు అక్కడ తిష్ఠ వేశారు. 35 ఏళ్ళు దాటినవాళ్ళలో సగంమందికి షుగర్ ఉందని 1971లో ప్రకటించారు. ఇంకేముంది, ఇదిగో పొదుపరి జీన్ జాతి అన్నారు. కానీ పీమాలు కరువు జనం కాదండీ. వాళ్ళు తమని తాము పిలుచుకునే పేరు అకిమెల్ ఓఓధమ్, అంటే నది మనుషులు. గీలా నదికి కాలువలు తవ్వి పత్తి, మొక్కజొన్న పండించినవాళ్ళు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో వలసవచ్చిన తెల్లవాళ్ళు ఎగువన ఆ నీళ్ళు మళ్ళించుకున్నారు. పొలాలు ఎండిపోయాయి. చేతికి వచ్చింది సర్కారు రేషన్: మైదా, పంది కొవ్వు, చక్కెర. అదే జాతి వాళ్ళు మెక్సికో కొండల్లో వ్యవసాయం చేసుకుంటూ ఉన్నారు. 2006లో రెండింటినీ పోల్చి చూస్తే అమెరికా పీమాల్లో షుగర్ 38 శాతం, మెక్సికో పీమాల్లో 6.9 శాతం. జీన్‌లు దగ్గరివే. ఏటి నీళ్ళ మీద హక్కు ఉన్నచోట ఒక లెక్క, పోయినచోట ఇంకో లెక్క. ఎగువ రాష్ట్రం, దిగువ రాష్ట్రం అనే గొడవ తెలిసిన మనకు ఇది ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

మరి నీల్ ఏమన్నాడు? నాకు ఆయన మీద గౌరవం కలిగింది ఇక్కడే. తాను చెప్పిన ఇన్సులిన్ యంత్రాంగం నిలబడలేదని 1982లో తానే రాశాడు. 1962లో తాను ఒకే జబ్బు అనుకున్నది నిజానికి రెండు వేర్వేరు జబ్బులని తేలిపోయింది. చివరి రోజుల్లో, 1999లో వచ్చిన వ్యాసంలో, ఒక్క జీన్ మాట వదిలేసి, ఎన్నో జీన్‌ల పాత పొందిక కొత్త జీవితంలో చెదిరిపోతోంది అన్నంతవరకూ వచ్చాడు. ఆ దిద్దుబాటు మా నాన్నగారి డాక్టరు దాకా రాలేదు.

ఆయన పోయాక 2014లో 65 షుగర్ జీన్ స్థానాలను జల్లెడ పట్టారు. కరువులు వాటిని ఎంచి నిలబెట్టాయనడానికి చెప్పుకోదగ్గ ఆధారం దొరకలేదు. మన హైదరాబాద్ సీసీఎంబీ చందక్ గారు, పుణె యాజ్ఞిక్ గారు కలిసి టీసీఎఫ్7ఎల్2 అనే జీన్‌కి మనవాళ్ళ షుగర్‌తో సంబంధం ఉందని 2007లో చూపించారు. అదే జీన్ అంతకుముందే ఐస్‌లాండ్‌ వాళ్ళలో దొరికింది. అంటే అది ధాత కరువు మనకిచ్చిన ప్రత్యేక కానుకేమీ కాదు.

నీల్‌ని నేను పూర్తిగా వెనకేసుకురావడం లేదు. 1968లో యానొమామీల మధ్య మీజిల్స్ రేగినప్పుడు ఆయన టీకాలు పట్టుకెళ్ళాడు. ఆ టీకాలే జబ్బు రేపాయని 2000లో ఒక పుస్తకం అభాండం వేసింది, విచారణల్లో అది నిలవలేదు. అప్పటికి నీల్ చనిపోయి కొన్ని నెలలే. కానీ ఆ ప్రయాణాల్లో తీసిన రక్తం దశాబ్దాలపాటు అమెరికా ఫ్రీజర్లలో ఉండిపోయింది. చనిపోయినవాళ్ళకు సంబంధించినది ఏదీ మిగలకూడదన్నది యానొమామీల ఆచారం. మా వాళ్ళ రక్తం మాకివ్వండి అని ఏళ్ళతరబడి అడిగారు. 2015లో వేల సీసాలు వెనక్కి వచ్చాయి. ఊళ్ళో గొయ్యి తీసి, ఆ రక్తం పోసి పూడ్చారు.

మా నాన్న 2013లో పోయారు. నీల్ 1982లో రాసిన మాట నేను చదివింది ఆ తర్వాతే. మొన్న మా చెల్లెలి రిపోర్టులో హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. "మన వంశంలో ఉందిగా అన్నయ్యా" అంది. ఉందమ్మా, పొద్దున్నే ఆరింటికి వస్తాను చెప్పులేసుకుని రెడీగా ఉండు అన్నాను. ఇవాళ్టికి పదకొండో రోజు.

వచ్చే ఎపిసోడ్‌లో పుణె పసిపిల్లల కథ. 2.7 కిలోలతో సన్నగా పుట్టి, లోపల కొవ్వు మాత్రం తగ్గని బిడ్డల సంగతి. ఉంటానండీ.